ఎడమ బూటు ఇసుక

ఛత్రినాకలో పాలవాడి సైకిల్ గంట కంటే ముందు వినబడేది కెప్టెన్ ఇస్సాకు బూట్లు దులిపే చప్పుడు. అరుగు మీద కూచుని, కుడి బూటును తలకిందులు చేసి మెట్టు రాతికి మూడుసార్లు కొట్టేవాడు. బియ్యప్పిండి లాంటి సన్నని ఇసుక జలజలా రాలి తట్టలో పడేది. తర్వాత ఎడమ బూటు. అందులోంచి పసుప్పచ్చని బరక ఇసుక ఇంకో తట్టలోకి. ఒక్కో బూటుకు రెండు శేర్లు, ఒక్కోసారి మూడు. అది అయ్యాకే ముఖం కడుక్కుని, ప్రార్థన చేసుకుని, చాయ్ తాగేవాడు. 1946లో పెన్షన్ మీద ఇంటికొచ్చిన నాటి నుంచి ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

కుడి బూటుది బస్రా ఇసుక. మొదటి యుద్ధంలో, పందొమ్మిదేళ్ల వయసులో, పలుగూ పారా పట్టుకుని ఓడెక్కి పోయినప్పుడు అంటుకుంది. ఎడమ బూటుది లిబియా ఇసుక, రెండో యుద్ధం నాటిది. బూట్లు ఎన్ని జతలు మారినా ఇసుక మారలేదు.

దీనికి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ గల్లీలో ఒకరికి కీళ్లనొప్పులు, ఒకరికి ఉబ్బసం, కప్తాన్ సాబ్‌కు ఇసుక. ఎవరి బాధ వారిది. డాక్టరు ఒకసారి చూసి కాళ్లకు పౌడర్ రాసిచ్చి, బూట్లు ఎండలో పెట్టమన్నాడు. ఎండలో పెడితే ఇంకాస్త ఎక్కువ రాలింది. బూట్లు మానేసి చెప్పులు వేసుకుంటే ఇసుక పక్కలోకి రావడం మొదలుపెట్టింది. భార్య సుగుణమ్మ మూడు రోజులు దుప్పట్లు దులిపి, నాలుగో రోజు బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏసుకో. ఇసుకకు గూడ ఒక ఇల్లుండాలె" అంది.

కుడి బూటు ఇసుకకు గిరాకీ ఉండేది. దాంతో తోమితే ఇత్తడి బిందెలో ముఖం చూసుకోవచ్చని లాల్‌దర్వాజా నుంచి కూడా ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఊరకే వచ్చే ఇసుక కనుక నాణ్యం గురించి వాదనలు కూడా పెట్టుకునేవారు. "మొన్నటిది ఇంకా సన్నగుండె సుగుణమ్మా" అని ఒకామె అంటే, "బస్రాకు చెప్పి పంపుత తియ్యి" అని సుగుణమ్మ జవాబు.

మనిషి మాత్రం అలసిపోయాడు. పొద్దున దులిపిన బూట్లలో మధ్యాహ్నానికే మళ్లీ ఇసుక చేరేది. సాయంత్రం అయ్యేసరికి ఒక్కో అడుగు చేత్తో ఎత్తి పెట్టుకోవాలేమో అన్నంత బరువు. డెబ్బై ఒకటో ఏట ఆయనకున్నది జబ్బు కాదు, అలుపు. పడుకుంటే తీరేది కాదు. ఎవరైనా యుద్ధం కబుర్లు అడిగితే, "ఏముంది, నడిచినం" అని ఊరుకునేవాడు.

ఎడమ బూటు ఇసుక ఇంకెవరికీ పోయేది కాదు. అది ఆగమ్మది.

లాల్‌దర్వాజాకు పోయే మలుపులో ఆగమ్మ బట్టీ. రేకుల కప్పు కింద మట్టి పొయ్యి, దాని మీద వెడల్పాటి ఇనుప మూకుడు, మూకుడు నిండా ఇసుక. ఇసుక కాగగానే అందులో పల్లీలో సెనగలో పోసి, కట్టెతో గిరగిరా తిప్పి, జల్లెడలోకి ఎత్తి జాడిస్తే ఇసుక తిరిగి మూకుట్లోకి, పల్లీలు గంపలోకి. మూసీ ఇసుకతో వేయిస్తే ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటాయి. లిబియా ఇసుకకు వేడిని సమంగా పంచడం తెలుసు. ఆగమ్మ పల్లీలకు ధూల్‌పేట్ దాకా పేరు.

కానీ ఆమె ఆ ఇసుక కోసం రావడం మొదలుపెట్టింది పల్లీల కోసం కాదు. ఆమె భర్త లక్ష్మయ్య 1944లో లిబియాలో పోయాడు. ఇంటికి ఒక టెలిగ్రాం వచ్చింది, తర్వాత ఒక మెడల్ వచ్చింది. మనిషి రాలేదు, మనిషి తాలూకు ఏదీ రాలేదు. రెండేళ్లకు ఇస్సాకు తిరిగొచ్చి అరుగు మీద బూటు దులుపుతుంటే, చంకలో మూడేళ్ల పిల్లాడితో వచ్చి నిలబడింది.

"ఆయన పండుకున్న మన్ను గద బాపు. నాకియ్యి" అంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున వచ్చి, ఇసుక గంపకెత్తుకుని, రెండు చేతులు జోడించి దండం పెట్టి పోయేది. దండం పెట్టినప్పుడల్లా ఇస్సాకు తల దించుకునేవాడు. వినయం అనుకునేవారు అందరూ. ఆమె ఇచ్చిన పల్లీలు ఒక్కనాడూ నోట పెట్టలేదు. పళ్లు లేవు కాబోలు అనుకునేవారు. పళ్లు ఉన్నాయి.

ఆ చంకలో పిల్లాడు మొగులయ్య, 1968 నాటికి ఇరవై నాలుగేళ్లవాడు. మంచి ఎత్తు, వెడల్పు ఛాతీ, మోచేతుల దాకా బట్టీ కాలిన మచ్చలు. ఏడో తరగతి దాకా చదివాడు. వాడి మనసంతా మిలిటరీ మీద ఉంది. తెల్లవారక ముందే లేచి ధూల్‌పేట్ దాకా పరుగెత్తి వచ్చేవాడు. మే నెలతో ఇరవై అయిదు నిండుతాయి, ఆ తర్వాత తీసుకోరు. కప్తాన్ సాబ్ సిఫారసు చిట్టీ చేతిలో ఉంటే భర్తీ దగ్గర పాదాలు కూడా చూడరని అందరూ అనేవారు. రెండు యుద్ధాలు నడిచిన మనిషి పాదాల గురించి రాస్తే మళ్లీ చూడ్డం ఎందుకని.

సంక్రాంతి పోయిన వారానికి మొగులయ్య వచ్చాడు. పద్ధతి తెలిసినవాడు కనుక నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, షాబాదు బండ మీద నాలుగు అడుగులు వేసి అరుగెక్కాడు.

"తాతా, చిట్టీ రాస్తవా?"

ఇస్సాకు వాడి ముఖం చూడలేదు. బండ మీద తడి అడుగుల వైపు చూశాడు. పాదం మధ్య వంపు లేదు. మడమ నుంచి వేళ్ల దాకా రొట్టెల పీటలా ఒకటే అచ్చు.

"సిరా అయిపోయిందిరా" అన్నాడు.

మర్నాడు మొగులయ్య సిరా బుడ్డి కొనుక్కొచ్చాడు. కళ్లద్దాలు పగిలాయన్నాడు ఇస్సాకు. వాడు ఆ అద్దాలు చార్మినార్ దగ్గరికి పట్టుకుపోయి బాగుచేయించుకొచ్చాడు. ఏం చేస్తాం, పనిమంతుడు. తర్వాత తలనొప్పి, తర్వాత ఉపవాసాల రోజులు, తర్వాత చుట్టాలు. ఇట్లా మార్చి వచ్చింది.

అసలు సంగతి ఇస్సాకు ఒక్కడికే తెలుసు. 1943 జనవరిలో సుబేదార్‌గా సెలవు మీద వచ్చినప్పుడు, ఈ గల్లీల నుంచి నలభై మందిని భర్తీకి తెమ్మని ఆయనకు హుకుం. నలభై అయితే పై ర్యాంకు. ముప్ఫై తొమ్మిది మంది దొరికారు. నలభయ్యోవాడు లక్ష్మయ్య. ఇంట్లో నూకలు లేవు, పెళ్లానికి అయిదో నెల. "నన్ను గూడ తోల్కపో అన్నా" అని వెంటబడ్డాడు.

పాదాల పరీక్షకు ఇస్సాకు పద్ధతి ఒకటుండేది. తడి ఇసుక పరిచి దాని మీద నిలబెట్టడం. అచ్చులో లోపలి పక్క వంపు తేలితే ఆ కాలు నడుస్తుంది. మొత్తం పాదం దిగబడితే చదును కాలు, ఇంటికి పొమ్మనాలి. కుడి బూటు దులిపి, బస్రా ఇసుక మీద లక్ష్మయ్యను నిలబెట్టాడు. చదును. దొర డాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చేలోగా ఇస్సాకు కిందికి వంగి, బొటనవేలితో పక్క ఇసుకను అచ్చులోకి తోసి వంపు దిద్దాడు. ఒక్కసారి తోశాడు, అంతే. దొర చూసి తలూపాడు. నలభై పూర్తయ్యారు.

మరుసటేటికి లిబియాలో యుద్ధం అయిపోయింది. మందుపాతరలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాటిని ఏరే పని వీళ్లది. అక్కడ నడక ఒకటే తీరు: ముందువాడి అచ్చులోనే వెనకవాడు అడుగెయ్యాలి, వేలెడు కూడా పక్కకు పోకూడదు. లక్ష్మయ్య ఏడోవాడు. పొద్దుటి నుంచి నడిచి ఆ చదును కాళ్లు వాచిపోయాయి, బూటు లోపలికి వాలింది. ఆరుగురికి సరిపోయిన అచ్చులో వాడి అడుగు పట్టలేదు. రెండు వేళ్ల మేర బయట పడింది.

ఇస్సాకు ఎనిమిదోవాడు. ఆ సాయంత్రం నుంచే ఎడమ బూటులో ఇసుక రావడం మొదలైంది.

ఆ మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం ఆగమ్మ గంప లేకుండా వచ్చింది.

"పోరనికి చిట్టీ ఇస్తలేవట బాపు?"

"చూద్దాం ఆగమ్మా."

"ఏం జూద్దాం? రెండు నెలల సంది తిప్పుతున్నవ్. దినాం పరుగెత్తి పరుగెత్తి వాని చెప్పులరిగినయ్."

"లడాయి వస్తే ఎట్ల?"

"వస్తే వస్తది. పొయ్యి కాడ ఉంటే మంచిగుంటమా? నా రొమ్ముల పొగ తప్ప ఏం మిగల్లే. వాడన్న సర్కారు బువ్వ తిననీ. వాళ్లయ్యను తోల్కపోయినవ్, గాయన మస్తు పేరు తెచ్చుకున్నడు. నా కొడుకును ఎందుకు ఎన్కకు గుంజుతున్నవ్?"

అప్పుడు చెప్పేయవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ నిజం చెప్పడానికి కాస్త ఓపిక కావాలి, చెప్పాక ఎదుటి మనిషి ముఖం చూడ్డానికి ఇంకాస్త ఓపిక కావాలి. ఆయన దగ్గర రెండూ లేవు. మళ్లీ ఒకసారి బొటనవేలు ఆడించడమే సులువు అనిపించింది. ముసలితనంలో మనిషి మంచివాడవుతాడని ఎవరన్నారో గానీ, చాలామంది అలసిపోతారు, అంతే.

"ఆదివారం తోల్కరా" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి ఇస్సాకు దంపతులు వచ్చేసరికి తల్లీకొడుకులు వాకిట్లో ఉన్నారు. మొగులయ్య తలకు నూనె పెట్టుకుని, ఉతికిన అంగీ వేసుకుని, పెళ్లికొడుకులా ఉన్నాడు. చిట్టీ రాసే ముందు ఇసుక మీద నిలబెట్టి చూడటం గల్లీ అంతటికీ తెలిసిన పద్ధతి కనుక ఇస్సాకు కుడి బూటు విప్పబోయాడు.

"ఎడమది పొయ్యి బాపు" అంది ఆగమ్మ.

"కుడిది సన్నగుంటది. అచ్చు మంచిగ పడ్తది."

"గాదు. ఎడమదే. వాళ్లయ్య మీద నిలవడి, దీవెన తీస్కొని పోనీ."

కాదనడానికి కారణం దొరకలేదు. ఎడమ బూటు విప్పి వాకిట్లో దులిపాడు. సుగుణమ్మ చెంబుతో నీళ్లు చిలకరించి, అరచేత్తో చదును చేసింది. మొగులయ్య రెండు కాళ్లూ కడుక్కుని, ఇసుకకు దండం పెట్టి, దాని మీద నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టుకుని పది లెక్కపెట్టి, పక్కకు దిగాడు.

చదును. మడమ నుంచి వేళ్ల దాకా చదును.

ఇస్సాకు ఆగమ్మకు వీపు అడ్డం పెట్టి, అద్దాలు సర్దుకుంటున్నట్టు వంగాడు. బొటనవేలితో పక్క ఇసుకను లోపలికి తోశాడు. చక్కగా వంపు తేలింది. చెయ్యి తీశాడు. నిద్రలో ఉన్నవాడు ఒత్తిగిలినట్టు ఇసుక నెమ్మదిగా కదిలి, వెనక్కి జరిగి, అచ్చు మళ్లీ చదునైంది.

ఇంకోసారి తోశాడు, ఈసారి గట్టిగా, నొక్కిపెట్టి. చెయ్యి తీసే దాకా ఆగింది. తీయగానే జరిగింది.

మొగులయ్య పక్కన గొంతుక్కూచున్నాడు. "ఏం జేస్తున్నవ్ తాతా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీ కాలు చదునురా. గిట్లుంటె తీస్కోరు."

వాడి ముఖం పాలిపోయింది. ఒక్క క్షణమే. "అయితె దిద్దు. జల్దీ దిద్దు" అన్నాడు.

ఇస్సాకు రెండు బొటనవేళ్లూ పెట్టాడు. ఇసుక మూడోసారీ జరిగింది. ఆయన చేతులు అక్కడే ఉండిపోయాయి. వంగినవాడు లేవలేక, అట్లాగే నేల మీద కూలబడ్డాడు. ఆగమ్మ చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"గిదేంది బాపు?"

చెప్పాడు. నలభై మంది సంగతి, దొర డాక్టరు సంగతి, బొటనవేలి సంగతి. ఏడోవాడు, ఎనిమిదోవాడు. బూటు వాలిన సంగతి. ఎక్కడా ఆగలేదు, ఏడవలేదు. సుగుణమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆగమ్మ అడిగింది.

"అప్పుడు ఇసుక మాటిన్నదా?"

"ఇన్నది. గది బస్రాది. అండ్ల నాకు తెల్సినోళ్లెవ్వరు లేకుండె."

మొగులయ్య దిగ్గున లేచాడు. "అయితె కుడి బూటు తియ్యి తాతా! గది మాటింటది గద. మల్ల పరుద్దాం, మల్ల నిలవడ్త."

అందరూ కుడి బూటు వైపు చూశారు. అది ఇస్సాకు కాలికే ఉంది. వాడు అన్నది నిజమే. విప్పి దులిపితే రెండు నిమిషాల పని. బస్రా ఇసుక ఎవరేం చెప్పినా వింటుంది.

"ఒద్దురా" అన్నాడు ఇస్సాకు. "నాతోని గాదు."

"నీ కాళ్లు మొక్కుత తాతా. మేల ఇరవై అయిదు నిండుతయ్. మల్ల నా బతుకంత గా పొయ్యి కాడనే."

"నాతోని గాదురా."

ఆగమ్మ ఇసుక ముందు కూచుంది. అచ్చు మీద అరచెయ్యి పరిచింది. మడమ దగ్గర నుంచి జానలు పెట్టి కొలిచింది. ఆమె ముఖంలో ఏముందో మొగులయ్యకు అర్థం కాలేదు. వాడు తండ్రి పాదం ఎన్నడూ చూడలేదు కదా.

"గిదే కాలు" అంది. "గిట్లనే ఉండె."

తర్వాత ఇస్సాకు వైపు తిరిగింది. కోపంగా కాదు, ఏదో లెక్క తేలనట్టు చూసింది.

"ఇరవై రెండేండ్ల సంది దినాం పొద్దుగాల నీకు దండం పెట్టిన బాపు. ఒక్క దినమన్న ఒద్దనకపోతివి."



ఆమె లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది. "నడువ్. ఆయన ఒద్దంటున్నడు" అంది. ఎవరు వద్దంటున్నారో వాడు అడగలేదు. చెయ్యి విదిలించుకుని, ఇసుకను ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయాడు.

మొగులయ్య ఊరుకునే రకం కాదు. చిట్టీ లేకుండానే భర్తీకి పోయాడు. పరుగులో మొదటివాడుగా వచ్చాడు, ఛాతీ కొలతలో నెగ్గాడు. చిట్టీ లేనివాళ్లను తడి కాళ్లతో బండ మీద నడిపిస్తారు. నడిపించారు. చూసి, ఇంటికి పొమ్మన్నారు.

ఆ ఆదివారం తర్వాత ఎడమ బూటు నుంచి ఇసుక రాలేదు. సోమవారం పొద్దున ఇస్సాకు బూటు తలకిందులు చేసి మూడుసార్లు కొట్టాడు, చెయ్యి పెట్టి తడిమాడు. వట్టి తోలు. కుడి బూటు మాత్రం మామూలే. దాంతో ఒక కాలు బరువు, ఒక కాలు తేలిక అయిపోయి, ఆయన నడక పక్కకు ఒరిగింది. గల్లీ వాళ్లు రెండు రోజులు చూసి అలవాటు పడ్డారు. సుగుణమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు చాయ్ గ్లాసు ముందు పెట్టి, "ఇన్నేండ్లు అదంత నువ్వొక్కనివే మోసినవా?" అని మాత్రం అడిగి లోపలికి పోయింది.

ఆగమ్మ మళ్లీ రాలేదు. మూసీ ఇసుక తెప్పించుకుంది. పల్లీలు ఒక పక్క మాడాయి, గిరాకీ కొంత తగ్గింది, మిగిలినవాళ్లు అలవాటు పడ్డారు. ఇస్సాకు బట్టీ ముందు నుంచి పోతే ఆమె తిట్టేది కాదు, దండం కూడా పెట్టేది కాదు. పని చేసుకుంటూ ఒకసారి తలెత్తి చూసేది. దండం లేని ఆ చూపే ఆయనకు కాస్త నయంగా ఉండేది.

మూడేళ్లు గడిచాయి. 1971 డిసెంబరులో మళ్లీ యుద్ధం వచ్చింది. కిటికీలకు నల్ల కాగితాలు అంటించారు. హోటళ్లలో రేడియోల చుట్టూ జనం. 1968లో మొగులయ్యతో పాటు ధూల్‌పేట్ దాకా పరుగెత్తి, భర్తీ అయిపోయిన కుర్రాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకరి ఇంటికి రెండో వారంలో టెలిగ్రాం వచ్చింది.

ఆ సాయంత్రం ఇస్సాకు, సుగుణమ్మ ఆ ఇంటికి పోయి పలకరించి వస్తున్నారు. కుడి కాలు ఈడ్చుకుంటూ, పక్కకు ఒరుగుతూ ఆయన బట్టీ ముందుకు వచ్చాడు. మొగులయ్య మూకుట్లో సెనగలు తిప్పుతున్నాడు. పొయ్యి వెలుగులో చెమటతో మెరుస్తున్నాడు. పక్కన వాడి పెళ్లాం, ఆమె ఒళ్లో ఏడాది పిల్ల. ఇస్సాకును చూడగానే వాడికి రోజూ వచ్చే కోపం వచ్చింది.

"గీ ముసలోడే" అన్నాడు గిరాకీ వాళ్లందరికీ వినబడేటట్టు. "నా నసీబు కరాబు జేసింది గీడే. గియ్యాల నేను సిపాయినై ఉందును. గీని బూట్లు మంట్లె గలవ!"

సుగుణమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "ఇంటున్నవా? మూడేండ్ల సంది గిదే లొల్లి. అందరి ముంగట ఎంత మాట పడితే అంత మాట. పోయి జర మందలియ్యరాదు?"

ఇస్సాకు ఆగి, ఊపిరి తీసుకుని, బట్టీ వైపు చూశాడు. మొగులయ్య ఇంకా తిడుతూనే జల్లెడ జాడిస్తున్నాడు. గొంతు ఖంగుమంటున్నది.

"తిట్టనియ్యి సుగుణా" అన్నాడు. "తిట్టెటందుకు మనిషి ఉండాలె గద."